తొమ్మిది నెలల బాబుకి స్టాప్‌వాచ్ పరీక్ష

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా బాబుకి తొమ్మిది నెలలు నిండాయి. మాకు మొదటి బిడ్డ. పిల్లలు మన కళ్లలోకి చూసే అన్నీ నేర్చుకుంటారని, ఈ వయసుకల్లా మనం ఎటు చూస్తే అటు చూడాలని ఒక వీడియోలో చెప్పారు. అప్పటి నుంచి రోజూ పరీక్ష పెడుతున్నాను. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, తల కదపకుండా, కళ్లు మాత్రం పక్కనున్న బొమ్మ వైపు తిప్పుతాను. వాడు అటు చూడడు. నా మొహమో, చేతులో చూస్తూ కూర్చుంటాడు. నా కళ్లలోకి ఎంతసేపు చూస్తాడో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక పుస్తకంలో రాస్తున్నాను. నాలుగైదు సెకన్లు దాటడం లేదు, మొహం తిప్పేసుకుంటాడు. నేను అటు జరిగి మళ్లీ ఎదురుగా మొహం పెడితే ఇటు తిప్పుకుంటాడు. పైగా టైమ్ ఎంతయిందా అని నేను తల వంచి ఫోన్ వైపు చూడగానే వాడూ ఫోన్ వైపే చూస్తాడు. ఇప్పటి నుంచే ఫోన్ పిచ్చి పట్టిందేమో. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. పేరు పిలిస్తే తిరుగుతాడు, నవ్వుతాడు, ఎత్తుకోమని చేతులు చాస్తాడు, బబబ అంటాడు. కానీ బంధువు ఒకావిడ "కళ్లలోకి చూడని పిల్లలకి ఆటిజం ఉంటుందట" అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా ఆయనేమో "నీ టెన్షన్ వాడికి అంటిస్తున్నావ్" అంటారు. తప్పు నా పెంపకంలో ఉందా?
(ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీరు పెట్టిన పరీక్ష మీ బాబు క్లాసుది కాదు, పై క్లాసుది.

తల కదపకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పితే, ఆ చిన్న కదలికని పట్టుకోవడం తొమ్మిది నెలల పిల్లలకి చాలా కష్టం. ఈ వయసులో వాళ్లు గమనించేది ముఖ్యంగా తల ఎటు తిరిగిందన్నది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ మెల్ట్‌జాఫ్, ఆయన సహోద్యోగి బ్రూక్స్ దీన్ని పరీక్షించి 2005లో ప్రకటించారు. పిల్లల ఎదురుగా కూర్చున్న మనిషి కొన్నిసార్లు కళ్లు తెరిచి, కొన్నిసార్లు గట్టిగా మూసుకుని, తల పక్కకి తిప్పేవారు. పది, పదకొండు నెలల పిల్లలు కళ్లు తెరిచి ఉన్నప్పుడే ఎక్కువగా అటు చూశారు. తొమ్మిది నెలల పిల్లలకి ఆ తేడానే పట్టలేదు. కళ్లు మూసుకుని తల తిప్పినా సరే, అక్కడేదో ఉందనుకుని అటే చూశారు. చూడటమనేది కళ్లు చేసే పని అన్న సంగతి వాళ్లకింకా పూర్తిగా అందలేదన్నమాట.

ఇదే బృందం చేసిన ఇంకో ప్రయోగం నాకు మరీ ఇష్టం. పెద్దవాళ్లు కళ్లకి గంతలు కట్టుకుని తల తిప్పినా ఏడాది పిల్లలు అటు చూసేస్తారు. గంతలుంటే ఏమీ కనపడదని వాళ్లకి తెలియదు. అందుకని కొంతమంది పిల్లల కళ్లకే గుడ్డ అడ్డం పెట్టి, అది ఉంటే ఏమీ కనపడదని వాళ్లకే అనుభవమయ్యేలా చేశారు. ఆ తర్వాత ఆ పిల్లలు గంతలు కట్టుకున్న మనిషి వెంట చూడటం బాగా తగ్గించేశారు. తనకి కనపడకపోతే ఎదుటివాళ్లకీ కనపడదన్నమాట. ఏడాది బిడ్డ, తన మీద జరిగినదాన్ని బట్టి ఎదుటి మనిషిని అర్థం చేసుకుంటోంది! ఇవన్నీ మెట్లు మెట్లుగా వచ్చేవి. మీరు పై మెట్టు మీద నిలబడి, కింది మెట్టు మీదున్న బాబుని ఎందుకు రాలేదని అడుగుతున్నారు.

తల తిప్పినా అందరు పిల్లలూ చూస్తారా అంటే అదీ లేదు. ఈ విషయం మీద మొట్టమొదటి పరిశోధనల్లో ఒకటి 1975లో స్కేఫ్, జెరోమ్ బ్రూనర్ నేచర్ పత్రికలో రాశారు. పెద్దవాళ్లు తల తిప్పి ఒక వైపు చూస్తే, రెండు నుంచి నాలుగు నెలల పిల్లల్లో సుమారు 30 శాతం మంది అటు చూశారు. ఎనిమిది నుంచి పది నెలల వాళ్లలో మూడింట రెండు వంతులు. పదకొండు నెలలు దాటిన వాళ్లలో అందరూ. మీ బాబు వయసులో మూడో వంతు మంది చూడలేదని ఇదే లెక్క చెబుతోంది. మీరు చూసిన వీడియోలో ఆ మూడో వంతు గురించి చెప్పి ఉండరు.

ఇక మొహం తిప్పుకోవడం సంగతి. కళ్లలోకి చూడటం ముఖ్యమేనా అంటే ముఖ్యమే, అందులో ఆ వీడియో అబద్ధం చెప్పలేదు. పుట్టిన బిడ్డకి ఓ 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవి మాత్రమే కాస్త తేటగా కనిపిస్తాయి. ఒళ్లో పడుకుని పాలు తాగే బిడ్డకి తల్లి మొహం ఉండేది కూడా ఇంచుమించు ఆ దూరంలోనే. పుట్టి రెండు నుంచి ఐదు రోజులైన పిల్లలకి రెండు మొహాల బొమ్మలు పక్కపక్కన చూపిస్తే, తమ వైపు చూస్తున్న మొహాన్నే వాళ్లు ఎక్కువసేపు చూశారని తెరెసా ఫర్రోని బృందం 2002లో చూపించింది. ఎవరూ నేర్పకుండానే వచ్చిన ఇష్టం అది.

కానీ ఇష్టమైనదాన్ని కూడా ఎంతసేపని చూస్తారు? మీ ఆయన మీ కళ్లలోకి పది సెకన్లు కన్నార్పకుండా చూశారనుకోండి. "ఏంటండీ అలా చూస్తున్నారు?" అని మీరే అంటారు. మనకైతే లేచి వెళ్లిపోయే వీలుంది, మాట మార్చే వీలుంది. చంటిబిడ్డ లేచి వెళ్లలేడు, "ఇక చాలమ్మా" అనలేడు. మొదటి నెలల నుంచీ వాడి అదుపులో ఉన్న కొద్ది వాటిలో చూపు ఒకటి. ఎదురెదురుగా ఆడుకుంటున్నప్పుడు పిల్లల గుండె వేగం కొలిచిన వాళ్లున్నారు. చూపు తిప్పుకునే ముందు గుండె వేగం పెరుగుతుంది, తిప్పుకున్నాక తగ్గుతుంది. అంటే మొహం తిప్పుకోవడమే వాడికి ఊపిరి పీల్చుకునే విరామం. కాసేపు ఊరుకుంటే తనే మళ్లీ మీ వైపు తిరుగుతాడు. మీరు ఆ విరామం ఇవ్వకుండా అటు జరిగి మళ్లీ మొహం పెడుతున్నారు. వాడు రెండో వైపు తిరగక ఏం చేస్తాడు?

ఇంకొకటి కూడా చెప్పాలి, బాధపడకండి. ఏమీ మాట్లాడకుండా, తల కదపకుండా కూర్చుంటున్నానని రాశారు కదా. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త 1978లో సరిగ్గా ఇదే తల్లులతో చేయించాడు. బిడ్డతో మామూలుగా ఆడుకుంటున్న తల్లి, ఉన్నట్టుండి మొహంలో ఏ భావమూ లేకుండా బిడ్డనే చూస్తూ ఉండిపోవాలి. పిల్లలు ముందు నవ్వి పిలిచారు, మళ్లీ మళ్లీ ప్రయత్నించారు, చివరికి మొహం తిప్పేసుకున్నారు. ఏడ్చినవాళ్లూ ఉన్నారు. తల్లి మళ్లీ మామూలుగా మారితే పిల్లలూ మెల్లగా తేరుకుంటారు, కాబట్టి మీ పరీక్షల వల్ల వాడికేదో అయిపోయిందని అనుకోవద్దు. కాకపోతే ఆ నాలుగైదు సెకన్ల లెక్క మీ బాబు ఎలాంటివాడో చెప్పదు. బిగదీసుకున్న మొహం ఎదురుగా ఉంటే ఏ బిడ్డయినా ఎంతసేపు చూస్తాడన్నదే అందులో తెలిసేది. మీ ఆయన మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం, మిమ్మల్ని కంగారుపెట్టిన వీడియోకి చెందుతుంది.

ఇప్పుడు ఫోన్ విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అదే. మీరు తల వంచి ఫోన్ చూడగానే వాడూ ఫోన్ చూశాడు. అమ్మా, మీరు వారాల తరబడి వెతుకుతున్నది అదే! మీ చూపు వెంట వాడు చూశాడు. పరీక్షలో కాకుండా పరీక్ష అయిపోయాక, బొమ్మ కోసం కాకుండా స్టాప్‌వాచ్ కోసం. అప్పుడే ఎందుకంటే, అప్పుడు మీరు నిజంగా చూశారు. తల వంచారు, మీ మొహంలో ఆత్రం ఉంది, అక్కడేదో ముఖ్యమైనది ఉందని వాడికి అర్థమైంది. బొమ్మ వైపు చూసినప్పుడు మీకే ఆ బొమ్మ మీద ఆసక్తి లేదు. ఒక్క ఉత్తరం చదివి, ఇది ఫోన్ పిచ్చి కాదని ప్రమాణం చేయలేను గానీ, నాకైతే ఇది అమ్మ పిచ్చిలాగే కనిపిస్తోంది.

పిల్లలు మన చూపు వెంట ఎప్పుడు వస్తారనేదానికి ఒక కిటుకుంది. సెంజు, చిబ్రా అనే ఇద్దరు పరిశోధకులు లండన్‌లో ఆరు నెలల పిల్లలకి ఒక దృశ్యం చూపించారు. ఒకామె రెండు వస్తువుల మధ్య కూర్చుని వాటిలో ఒకదాని వైపు తల తిప్పుతుంది. తిప్పే ముందు పిల్లల కళ్లలోకి చూసినా, చంటిపిల్లలతో మాట్లాడే ముద్దు గొంతుతో పలకరించినా పిల్లలు ఆమె వెంట చూశారు. పలకరింపు లేకుండా ఊరికే తిప్పితే పట్టించుకోలేదు. 2008 నాటి మాట ఇది. "ఇదిగో, నీతోనే" అన్న సైగ ముందు అందాలి, అప్పుడే ఆ తర్వాతి చూపు వాడికి సంబంధించినది అవుతుంది. కాబట్టి చూపించాలనిపిస్తే ముందు పేరు పెట్టి పిలవండి, వాడు మీ వైపు తిరిగాక తలంతా తిప్పి, చెయ్యి కూడా చాపి చూపించండి. వస్తువు వాడి ముందు వైపే ఉండాలి. వీపు వెనక ఉన్నదాన్ని మన చూపుని బట్టి వెతకడం చాలామందికి ఏడాదిన్నర దగ్గర గానీ రాదు.

చేతుల వైపు చూస్తున్నాడన్న దిగులు మాత్రం పూర్తిగా వదిలేయండి. ఇండియానా విశ్వవిద్యాలయంలో చెన్ యు, లిండా స్మిత్ ఏడాది వయసు పిల్లలకీ వాళ్ల తల్లిదండ్రులకీ చూపు ఎటు పోతోందో పట్టుకునే చిన్న కెమెరాలు తలకి అమర్చి, బొమ్మలతో ఆడుకోమన్నారు. ఆడుకునేటప్పుడు పిల్లలు పెద్దవాళ్ల మొహం వైపు చూసింది చాలా తక్కువ. చూసిందల్లా చేతుల్నీ, చేతుల్లో ఉన్న బొమ్మల్నీ. అయినా ఇద్దరి చూపూ ఒకే బొమ్మ మీద కలిసిన సందర్భాలు బోలెడు. ఎందుకంటే పెద్దవాళ్ల కళ్లు కూడా వాళ్ల చేతుల వెంటే ఉంటాయి కదా. కళ్లు ఎటు తిరిగాయో పోల్చుకోవడం కంటే చెయ్యి ఎక్కడుందో చూడటం తేలిక. మీ వాడు తేలిక దారి ఎంచుకున్నాడు, తెలివైనవాడే.

ఇంతవరకూ మీ చూపు వెంట వాడు రావడం గురించే మాట్లాడుకున్నాం. వీడియో చెప్పింది, మీరు అడిగింది అదే కాబట్టి. కానీ నన్నడిగితే ఈ వయసులో ఎక్కువ ఫలితం ఉన్నది రెండో వైపు నుంచి, అంటే వాడి చూపు వెంట మీరు వెళ్లడంలో. 1986లో మైకేల్ టొమసెల్లో, ఫారర్ ఏడాదిన్నరకి కాస్త తక్కువ వయసున్న పిల్లలకి కొత్త వస్తువుల పేర్లు రెండు రకాలుగా చెప్పి చూశారు. పిల్లలు అప్పటికే చూస్తున్న వస్తువు పేరు చెప్పడం ఒక పద్ధతి. చూస్తున్నదాని మీంచి దృష్టి మళ్లించి వేరే వస్తువు పేరు చెప్పడం రెండోది. మొదటి పద్ధతిలో చెప్పిన పేర్లే పిల్లలకి బాగా వచ్చాయి. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ఒకదాన్ని చూస్తుంటే ఇంకోదాని పేరు చెవిన పడితే, ఆ పేరు దేనిదని అనుకోవాలి?

ఈ చిక్కుని పిల్లలు తమంతట తాము విప్పుకుంటారు గానీ, దానికి ఇంకా టైముంది. డేర్ బాల్డ్విన్ అనే ఆవిడ చేసిన ప్రయోగాల్లో, బిడ్డ ఒక బొమ్మ చూస్తుండగా పెద్దవాళ్లు వేరే బొమ్మని చూస్తూ కొత్త పేరు ఒకటి పలికారు. పద్ధెనిమిది, పంతొమ్మిది నెలల పిల్లలు తల ఎత్తి, చెప్పేవాళ్లు ఎటు చూస్తున్నారో కనుక్కుని, ఆ పేరు ఆ రెండో బొమ్మదేనని సరిగ్గా పట్టుకున్నారు. మాటకీ వస్తువుకీ ముడి వేసేది మాట్లాడేవాళ్ల చూపేనని వాళ్లకి తెలిసిపోయింది. మీ వాడికి ఆ విద్య రావడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది. ఈలోగా ఆ ముడి వేసే పని మీది.

చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. వాడు కిటికీ తెర ఊగడం చూస్తున్నాడనుకోండి, మీరూ తెర వైపు చూసి "తెర ఊగుతోంది" అనండి. గోడ మీద నీడ చూస్తుంటే నీడ అనండి. మీ మొహం వైపు తిరిగితే "ఏంటి నాన్నా" అనండి. బొమ్మల పుస్తకంలో ఏనుగు పేజీ తీసి మీరు ఏనుగు, ఏనుగు అంటుంటే వాడు పుస్తకం అంచు నములుతూ మీ గాజు వైపు చూస్తుంటే, ఏనుగుని పక్కన పెట్టి గాజు అనండి. ఏనుగు ఎక్కడికీ పోదు. మా పిల్లల చిన్నప్పుడు నేను చేసిన తప్పే ఇది. రోజంతా "ఇటు చూడు, అటు చూడు" అని వెంటపడ్డాను గానీ, వాళ్లేం చూస్తున్నారో చూడలేదు.

వాడు చూస్తున్నదాన్ని మీరూ చూస్తే ఇంకో లాభం ఉంది. ముందు చెప్పిన యు, స్మిత్‌లే 2016లో చూపించారు: ఏడాది పిల్లలు ఆడుకుంటున్న బొమ్మని అమ్మ గానీ నాన్న గానీ కూడా చూస్తే, పిల్లలు ఆ బొమ్మ మీద ఇంకాసేపు నిలబడ్డారు. పెద్దవాళ్లు చూపు పక్కకి మళ్లించాక కూడా. పిల్లలకి ఏకాగ్రత లేదని దిగులుపడేవాళ్లు చేయగలిగిన పని ఇంతకంటే సులువైంది నాకు తెలియదు.

వీడియోల గురించి ఒక్క మాట. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి కొన్నాళ్లు మాండరిన్ అనే చైనా భాష మాటలు వినిపిస్తే, మనిషి ఎదురుగా కూర్చుని ఆడుతూ మాట్లాడినప్పుడు ఆ భాష ధ్వనులు వాళ్లకి పట్టుబడ్డాయి. అవే మాటలు టీవీలో చూపిస్తే ఏమీ రాలేదు. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తేల్చిన విషయం ఇది. టీవీలో మనిషికి మీ బాబు ఎటు చూస్తున్నాడో తెలియదు కదా.

పెంపకంలో తప్పుందా అని అడిగారు. చూపు లేని తల్లిదండ్రుల దగ్గర పెరిగే, చూపు ఉన్న పిల్లల్ని సెంజు బృందం చాలాకాలం గమనించింది. వాళ్ల అమ్మకి కళ్లతో పలకరించే వీలే లేదు. ఆ పిల్లలు పెద్దవాళ్ల కళ్ల కదలికల మీద కాస్త తక్కువ దృష్టి పెట్టారు గానీ, నలుగురితో కలవడంలో, మాటల్లో ఎక్కడా వెనకబడలేదు. గొంతు, స్పర్శ, చేతులు ఆ లోటు తీర్చాయి. రోజుకి ఎన్ని సెకన్లు కళ్లలోకి చూశాడన్న దాని మీద బిడ్డ భవిష్యత్తు ఆధారపడి ఉంటే వాళ్ల సంగతేమిటి చెప్పండి?

ఆటిజం మాట దాటవేయను. కళ్ల వైపు చూడటానికీ దానికీ సంబంధం లేదని కొందరు ధైర్యం చెబుతారు, అదీ నిజం కాదు. తర్వాత ఆటిజం ఉందని తేలిన పిల్లల్లో, ఎదుటివాళ్ల కళ్ల వైపు చూడటం పుట్టిన కొత్తలో బాగానే ఉండి, రెండో నెల నుంచి క్రమంగా తగ్గుతూ వచ్చిందని 2013లో జోన్స్, క్లిన్ అనే పరిశోధకులు కనుగొన్నారు. అయితే అది యంత్రాలతో, నెలల తరబడి, మళ్లీ మళ్లీ కొలిస్తే కనిపించిన తేడా. ఇంట్లో స్టాప్‌వాచ్‌తో తేలేది కాదు. డాక్టర్లు కూడా ఒక్క చూపుని బట్టి ఏమీ తేల్చరు. పేరు పిలిస్తే తిరగడం, నవ్వుకి నవ్వడం, ఎత్తుకోమని చేతులు చాచడం, అక్షరాలు కలిపి పలకడం, ఇవన్నీ కలిపి చూస్తారు. మీరు "మిగతావన్నీ బాగానే ఉన్నాయి" అని ఒక్క ముక్కలో తోసేసినవి ఇవే.

ఏడాది నిండేసరికి పేరు పిలిచినా పలకకపోయినా, చెయ్యి ఊపడం లాంటి సైగలేవీ లేకపోయినా, ఏడాదిన్నరకి కూడా వేలు పెట్టి ఏదీ చూపించకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. వచ్చిన మాటలు, నవ్వులు, సైగలు ఏ వయసులోనైనా తగ్గిపోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు. కంటి విషయాలు వేరు: కదిలే వస్తువు వెంట చూపు పోకపోయినా, మెల్లకన్ను కనిపిస్తున్నా, ఫోటోల్లో కనుపాప తెల్లగా మెరుస్తున్నా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. అయినా మనసు ఒప్పుకోకపోతే ఈసారి టీకాకి వెళ్లినప్పుడు అడిగేయండి, అడగడంలో నామోషీ ఏముంది? ఆ బంధువుగారి కంటే డాక్టర్ మాట నయం.

ఇక ఆ పుస్తకం పారేయకండి. సెకన్లు రాయడం ఆపి, వాడు ఇవాళ ఏమేం చూశాడో రాసుకోండి: తెర, నీడ, గాజు, మీ ఆయన మీసం, ఏదైనా సరే. ఇంకొన్ని నెలల్లో ఏదో ఒకదాని వైపు వేలు చాచి, వెనక్కి తిరిగి మీరు చూశారా లేదా అని మీ మొహం వైపు చూస్తాడు. ఆ రోజు నాకు మళ్లీ రాయండి. మొదట దేన్ని చూపించాడో తెలుసుకోవాలని ఉంది.